జిద్దా గుడారాలు

మన పెద్దలు హజ్‌కు ఓడ మీద పోయేవారు. రైలెక్కి బొంబాయి చేరటం, అక్కడినుండి రోజుల తరబడి సముద్రం, ఆ తర్వాత జిద్దా రేవు. క్రీ.శ. 647లో హజ్రత్ ఉస్మాన్ (ర) ఖలీఫాగా ఉన్న కాలంలో మక్కాకు రేవుగా ఏర్పడిన ఊరది. బొంబాయి హజ్ ఓడ 1995తో ఆగిపోయింది. ఆ రేవు పని ఇప్పుడు విమానాశ్రయం చేస్తున్నది.

జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ అంతర్జాతీయ విమానాశ్రయం 1981లో ప్రారంభమైంది. అందులో మనం తెలుసుకోదగినది హజ్ టెర్మినల్. మామూలు ప్రయాణీకుడు విమానం దిగి తొందరగానే బయటపడతాడు. హాజీల సంగతి వేరు. కొద్ది వారాలలోనే లక్షలమంది దిగుతారు. ముసలివారు, ఎన్నడూ విమానమెక్కనివారు, ఎవరి భాష వారిది. కాగితాలు చూడాలి, సామాను దొరకాలి, బస్సు కుదరాలి. తిరుగు ప్రయాణంలోనైతే 80,000 మంది 36 గంటల దాకా వేచి ఉండవలసి రావచ్చని ముందే లెక్క వేసుకొని మరీ కట్టారు.

అంతమందికి గోడలు కట్టి ఏ.సి.లు పెడితే, ఏడాదిలో కొద్ది వారాల కోసం ఎంత దండగ! సామాను తనిఖీ గదులకు మాత్రం ఏ.సి. ఉంచి, వేచి ఉండే చోట 210 గుడారాలు వేశారు. ఒక్కొక్కటి 45 మీటర్ల చదరం. టెఫ్లాన్ పూసిన గాజునార బట్టను ఉక్కు స్తంభాలనుండి తీగలతో వ్రేలాడదీశారు. తెల్లని బట్ట ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. ప్రక్కలు తెరిచే ఉంటాయి. వేడిగాలి నడినెత్తి రంధ్రంగుండా పైకి పోతుంది. ఎడారివాసుల పాత తెలివే ఇది, కొలత పెరిగిందంతే.

దీని నిర్మాణానికి ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. చికాగోలో 110 అంతస్తుల సియర్స్ టవర్‌ను నిలబెట్టిన మనిషి. 1982 మార్చిలో జిద్దాలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలే. మరుసటి ఏడు ఈ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తుశిల్ప అవార్డు లభించింది.

ఇప్పుడు కొన్ని విమానాలు నేరుగా మదీనాకు పోతున్నాయి లెండి. అయినా జిద్దా విమానం ఎక్కేవారిని సాగనంపటానికి శంషాబాద్ పోయినప్పుడల్లా మాకు అదే ప్రశ్న ఎదురవుతుంది: "దిగితే మక్కాయే గదా బాబూ?"

"కాదు పెద్దమ్మా, మక్కాకు ఇంకా 80 కిలోమీటర్ల పైచిలుకు బస్సులో పోవాలి. ముందు గుడారం క్రింద కూర్చోవాలి. బి.పి. మాత్రలు పెట్టెలో వేయకు, చేతిసంచిలో ఉంచుకో."