నిశానీ

కౌతాళంలో ఖాదర్‌లింగ స్వామి దర్గా ఉంది. పేరులోనే ఖాదరూ లింగమూ కలిసిపోయాయి. ఉరుసుకు తురకలం మేమే కాదు, మాతోపాటు ఊరూరా అన్ని కులాలవాళ్లూ వస్తారు. ఒంట్లో బాగాలేని పిల్లల్ని చంకనేసుకొని వచ్చే తల్లులు ఉంటారు. పట్నం మేధావులు దీన్ని మూఢనమ్మకం అంటారు. అననీయండి. మేం ఇక్కడ దాన్ని సమర్థించడానికి కూర్చోలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. దర్గాలో ఎవరూ కాగితం ముందుపెట్టి వేలిముద్ర వేయమనరు. దవాఖానాలో వేయమంటారు.

వేలిముద్రను పాత దస్తావేజుల్లో నిశానీ అని రాసేవారు. చదువురానివాడు నిశానీదారు. ఉర్దూలో నిశానీ అంటే గుర్తు. పోయినవాళ్లు వదిలివెళ్లిన వస్తువు కూడా నిశానీయే. ఈ రెండు అర్థాలూ ఒకే కాగితం మీద కలుసుకోవడం మేం చూశాం.

మా ఖాలా కడుపునొప్పితో ఒక ప్రైవేటు దవాఖానాకు పోయింది. నలభై కూడా నిండలేదు. గర్భసంచి తీసేయాలన్నారు, లేకపోతే కేన్సరు అన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె ఖురాను అక్షరం కూడబలుక్కొని చదవగలదు. తెలుగు మాట్లాడగలదు, చదవలేదు. ఇంగ్లీషు సంగతి అడగక్కర్లేదు. బొటనవేలికి సిరా పూశారు. ఆపరేషనైన నాలుగోరోజు చనిపోయింది. ఎందుకు చనిపోయిందని అడిగితే ఆ కాగితమే చూపించారు. ‘ఏం జరిగినా మాదే బాధ్యత అని ఒప్పుకుంది కదా’ అన్నారు. ఇంట్లో తెలుగూ ఇంగ్లీషూ చదవగలిగిన మేం, ఆ కాగితాన్ని మొదటిసారి చదివింది మయ్యత్ లేచిన తర్వాత.

ఈ కాగితం వెనక చాలా చరిత్ర ఉంది. 1800లో నిజాం మా సీమను ఇంగ్లీషువాళ్లకు ధారపోశాడు. ఆదోని బళ్లారి జిల్లాలో చేరి, 1953 దాకా అక్కడే ఉంది. ఆ ఏడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు వచ్చాయి. తుంగభద్రకు ఇవతల మద్రాసు వైద్యం, అంటే ఇంగ్లీషు వైద్యం. అవతల రాయచూరు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. హైదరాబాదులో 1846లో పెట్టిన వైద్య పాఠశాల ఉర్దూలో చెప్పింది. 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే డాక్టర్లను తయారుచేసింది. అనువాదాల కోసం దారుల్ తర్జుమా ఉండేది. గొప్పగా చెప్పుకుంటాం గానీ, రాయచూరు రైతుకు ఆ ఉర్దూ మాత్రం ఏం అర్థమైంది? అతనిది కన్నడమో తెలుగో. 1948 తర్వాత ఆ ఉర్దూ కూడా పోయి ఇంగ్లీషు వచ్చింది. ఏటికి రెండువైపులా నిశానీదారు నిశానీదారుగానే మిగిలిపోయాడు.

దవాఖానా అంటే మావాళ్లకు భయమని, కుటుంబ నియంత్రణకు అడ్డమని నలభై ఏళ్లుగా వింటున్నాం. ఆ భయం మసీదులో పుట్టలేదు. ఎమర్జెన్సీలో పుట్టింది. 1976 నవంబరులో హర్యానాలోని ఉత్తావర్ అనే మేవాతీ ముస్లింల ఊరును పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను ఆపరేషన్లకు పట్టుకుపోయారు. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటితో ముడిపడిన మరణాలు 1,774 అని షా కమిషన్ రాసింది. పట్టుబడినవాళ్లంతా ముస్లింలు కారు. హరిజనులు, కూలీలు, ఊరి చివరివాళ్లు. చదువుకున్న ఉద్యోగికి జీతం ఆపుతామని బెదిరింపు వచ్చింది. చదువులేనివాడి మీదికి లారీయే వచ్చింది.

తర్వాత సర్కారు మగవాణ్ణి వదిలేసింది. కత్తి ఆడదాని వైపు తిరిగింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. 2012 జనవరిలో బీహారులోని అరారియా జిల్లా కపర్‌ఫోరాలో, ఒక బడిలో, రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఒకే సర్జను కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. 13 మంది చనిపోయారు. కపర్‌ఫోరా కేసులో 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2010 నుంచి 2013 వరకు ఇట్లాంటి మరణాలు 363 అని లెక్క అందులో ఉంది. మూడేళ్లలో క్యాంపులు ఆపేయమంది, కాగితంలో ఏముందో ఆ మనిషి భాషలో చెప్పమంది. ఆ మాట చెప్పించడానికి ఎన్ని శవాలు కావలసివచ్చాయి!

మన ఖమ్మం జిల్లా సంగతి చూడండి. 2009లో గర్భాశయ ముఖద్వార కేన్సరు టీకాను అక్కడి ఆడపిల్లల మీద పరిశీలనగా వేశారు. చాలామంది గిరిజన హాస్టలు పిల్లలు. ఆంధ్రలో నలుగురు చనిపోయాక 2010లో ఆపారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా చెడ్డదనీ మేం అనడం లేదు. మా ప్రశ్న వేరే. విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి, హెడ్‌మాస్టర్లవి. పిల్ల ఎవరిది? ఒప్పుకున్నది ఎవరు?

గర్భసంచుల లెక్క ఇంకో ఘోరం. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి మూడు చిల్లర అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. బడి మొహం చూడనివాళ్లలోనే ఎక్కువ. చదువుకున్నామెకు ఇంకో డాక్టరు దగ్గరికి పోయి అడగాలని తెలుసు. తెలియకుండా కోసినా ఏం చేయాలో తెలుసు. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆమె పరీక్ష కోసమని సంతకం పెడితే, మత్తులో ఉండగా వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకొని గర్భసంచి తీసేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా పోయింది. అది చెల్లని సమ్మతి అని 2008లో తీర్పు తెచ్చుకుంది. మా ఖాలా తరఫున మేం ఎక్కడికీ పోలేదు. ఇది మా తప్పే. రాసుకుంటున్నాం.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. ముస్లింలకు చదువు తక్కువ గనక చావులెక్కువ అని తేలిగ్గా అనేస్తుంటారు. 2006లో సచార్ కమిటీ చూస్తే, చదువులో అంత వెనకబడినా మాలో పసిపిల్లల చావులు దేశపు సగటు కంటే తక్కువగా ఉన్నాయి. కనుక మతాన్ని చూపి చేతులు దులుపుకోవడం కుదరదు. మా మౌల్వీ సాబులు దీన్ని చూసి మురిసిపోనక్కర్లేదు కూడా. ఆడపిల్లను ఐదో తరగతితో మాన్పించేది మనమే, ఆ వేలికి సిరా పూయించేదీ మనమే.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు సగం. పడమటి మండలాలు అందులో అడుగున. కౌతాళం, కోసిగి నుంచి సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోయే కుటుంబాల వెంట పిల్లలూ పోతారు. బడి మూతపడకుండానే వాళ్లకు మూతపడుతుంది.

ఈమధ్య మా వీధిలో ఎవరు దవాఖానాకు పోయినా ఖాలా కూతుర్ని వెంటపెట్టుకొని పోతున్నారు. ఆ పిల్ల పదో తరగతి. కాగితం ఇస్తే కిందికి చూడదు, పైనుంచి మొదలుపెడుతుంది. ఇంగ్లీషు మాట దగ్గర ఆగి, నర్సును ‘దీనికి అర్థమేంది మేడం?’ అని అడుగుతుంది. నర్సు విసుక్కుంటుంది. వెనక వరసలో జనం గొణుగుతారు. పిల్ల వేలు ఆ మాట మీదే ఉంటుంది.