ఇరవై ఒక్క ఏళ్ల పరిశీలన

ఏటా అక్టోబర్ 14 రాగానే మనం నాగపూర్ దీక్షాభూమిని తలుచుకుంటాం. 1956లో ఆ రోజున బాబాసాహెబ్ అంబేడ్కర్ కుశీనగర్ నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి చేతుల మీదుగా త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. ఆ వెంటనే లక్షలాది మంది చేత ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించారు. మన సభల్లో ఈ కథ చెప్పని వక్త ఉండడు. అయితే ఆ ఒక్క రోజు గురించి చెప్పుకున్నంతగా, దాని ముందు గడిచిన ఇరవై ఒక్క ఏళ్ల గురించి చెప్పుకోం.

1935 అక్టోబర్ 13న నాసిక్ జిల్లా యేవలాలో బాబాసాహెబ్ తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. అప్పటి నుంచి నాగపూర్ దాకా లెక్కిస్తే ఒక్క రోజు ఎక్కువగా ఇరవై ఒక్క ఏళ్లు. అంత కాలం ఎందుకు పట్టింది? రాజకీయ కారణాలు కొన్ని ఉండవచ్చు, తీరిక లేకపోవడమూ ఉండవచ్చు. ఆ ఏళ్లలో ఆయన చదివినవీ రాసినవీ వరుసలో పెట్టి చూస్తే మాత్రం మనకు ముఖ్యంగా కనిపించేది ఒకటే. ఆయన నమ్మకాన్ని పరీక్షిస్తున్నారు. ముందు పుట్టిన మతాన్ని, తర్వాత ఎదురైన మతాలను, చివరకు తాను ఎంచుకున్న ధమ్మాన్ని కూడా.

ఆ పరీక్ష యేవలాలో మొదలైంది కాదు, ఇంట్లోనే మొదలైంది. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథం కోసం 1956లో రాసిన ముందుమాటలో ఆయన తన బాల్యాన్ని గుర్తు చేసుకున్నారు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు, మతనిష్ఠ గల మనిషి. కబీరు పంథాకు చెందినవాడు కాబట్టి విగ్రహారాధనను నమ్మడు. అయినా పిల్లల కోసం ఇంట్లో గణపతి పూజ చేసేవాడు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు కొడుకుల చేత రామాయణ భారతాలు చదివించేవాడు. నమ్మేది ఒకటి, చేసేది మరొకటి అన్న సంగతి ఆ పిల్లవాడి కంట పడింది. బ్రాహ్మణుల, క్షత్రియుల గొప్ప చెబుతూ శూద్రులను, అంటరానివారిని చిన్నచూపు చూసే ఈ పుస్తకాలు మనమెందుకు చదవాలని భీమ్‌రావు నేరుగా తండ్రినే అడిగాడు. కింది కులాల వాళ్లకు ఆత్మన్యూనత పోవాలంటే ద్రోణుడు, కర్ణుడు, వాల్మీకి లాంటివాళ్ల కథలు తెలియాలని తండ్రి జవాబిచ్చాడు. ఆ జవాబు కొడుక్కి తృప్తినివ్వలేదు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. రాంజీ కొడుకును కొట్టి నోరు మూయించలేదు. తనకు తెలిసిన జవాబు చెప్పాడు. ప్రశ్న బతికింది. పరీక్ష పాసైనందుకు జరిగిన అభినందన సభలో కేలూస్కర్ అనే పెద్దమనిషి తాను రాసిన బుద్ధ చరిత్రను ఆ కుర్రవాడికి బహుమతిగా ఇచ్చారు. ఆ పుస్తకం చదివాక భీమ్‌రావు మళ్లీ తండ్రి దగ్గరికే వెళ్లి, బౌద్ధ సాహిత్యాన్ని మాకెందుకు పరిచయం చేయలేదని అడిగాడు.

పెద్దయ్యాక కూడా ఆయన పుట్టిన మతాన్ని కోపంతో ఒక్కసారిగా వదిలేయలేదు. బాగు చేయడానికి వీలుందేమో చూశారు. 1927 మార్చిలో మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం వేలమందితో నడిచారు. అదే ఏడాది డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని దహనం చేశారు. 1930 మార్చిలో నాసిక్ కాలారామ్ ఆలయం ముందు సత్యాగ్రహం మొదలైంది. ఏళ్లు గడిచినా తలుపులు తెరుచుకోలేదు. యేవలా ప్రకటన ఈ అనుభవాల తర్వాత వచ్చిన నిర్ణయం.

ఆ ప్రకటన తర్వాత ఆహ్వానాలకు కొదవలేదు. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు తమ తమ మతాల్లోకి రమ్మన్నారు. 1936 ఏప్రిల్‌లో ఆయన అమృత్‌సర్ వెళ్లి సిక్కుల మహాసభలో మాట్లాడారు. ఆ మే నెలలో బొంబాయిలో మహర్ల సభ జరిగింది. ముక్తికి ఏది మార్గమన్న విషయం మీద అక్కడ సుదీర్ఘంగా ప్రసంగించారు. మతం మారితే బతుకులో ఏం మారుతుంది, మనసులో ఏం మారుతుంది అని రెండు వైపుల నుంచీ వివరించారు. తన మాట మీద గౌరవంతో కాక ఆలోచించుకుని తేల్చుకోవాలని జనాన్ని కోరారు. ఆ ప్రసంగాన్ని ఆయన ముగించింది బుద్ధుడు చివరి రోజుల్లో ఆనందుడికి చెప్పిన బోధతో. మీకు మీరే దీపమై నడవండి, మరొకరి మీద ఆధారపడకండి అన్నది ఆ బోధ సారాంశం. దీక్షకు ఇరవై ఏళ్ల ముందే ఆయన మాటల్లో ఆ దీపం ఉంది.

మరి ఏ కొలతతో కొలిచారు? 1950లో కలకత్తా మహాబోధి పత్రిక వైశాఖ సంచికలో రాసిన వ్యాసంలో బాబాసాహెబ్ తన కొలతలను బయటపెట్టారు. సమాజాన్ని నిలిపేది నీతి, కాబట్టి మతం అంటే ముందు నీతి కావాలి. మతం బుద్ధికి, అంటే విజ్ఞానానికి నిలబడాలి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను ఒప్పుకోవాలి. పేదరికాన్ని పవిత్రం చేయకూడదు. ఈ నాలుగింటిలో ఎక్కడా 'మన తాతలు నమ్మారు కాబట్టి' అన్న మాట లేదు. 'మనసుకు హాయిగా ఉంది కాబట్టి' అన్న మాటా లేదు.

ఈ అన్వేషణలో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. పోకల లక్ష్మీనరసు మద్రాసులో విజ్ఞానశాస్త్ర ఆచార్యుడు. అయోతీదాస పండితుడు 1898లో మద్రాసులో స్థాపించిన శాక్య బౌద్ధ సంఘంతో కలిసి పనిచేశారు. 1907లో 'ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం' అనే ఇంగ్లీషు గ్రంథం వెలువరించారు. మహిమలను, కట్టుకథలను పక్కన పెట్టి, హేతువుకు నిలిచే బోధగా బౌద్ధాన్ని చూపిన పుస్తకమది. 1934లో లక్ష్మీనరసు కన్నుమూశారు. 1948లో ఆ గ్రంథాన్ని తన ముందుమాటతో మళ్లీ అచ్చు వేయించినవారు బాబాసాహెబే. అంతటి ఆచార్యుడి పేరు ఈనాటి తెలుగు ఉపాసకుల్లో ఎంతమందికి తెలుసు? ఇది మనల్ని మనం అడగవలసిన మొదటి ప్రశ్న.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. బాబాసాహెబ్ తాను ఎంచుకున్న ధమ్మాన్ని కూడా పరీక్ష నుంచి మినహాయించలేదు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' ఉపోద్ఘాతంలో నాలుగు చిక్కులు ముందుంచారు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథ నమ్మదగినదేనా? ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆయన వాటిని చూడలేదా? దుఃఖం చుట్టూ తిరిగే నాలుగు ఆర్యసత్యాలు మూలబోధలో భాగమేనా? ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా కుదురుతాయి? భిక్షువు ఉన్నది తన ముక్తి కోసమా, ప్రజాసేవ కోసమా? సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణీ నది నీటి తగాదాయే కారణమని ఆయన గ్రంథంలో చెప్పారు. ఈ వ్యాఖ్యానాన్ని చాలామంది బౌద్ధ పండితులు ఒప్పుకోలేదు. మనలో అందరూ ప్రతి అక్షరం ఒప్పుకోవాలన్న నియమమూ లేదు. కానీ ఆ పద్ధతిని మాత్రం మనం తప్పక గుర్తించాలి. అవతలి మతాన్ని అడిగిన ప్రశ్నను సొంత మతాన్ని అడగలేనివాడు అవతలి మతాన్నీ నిజాయితీగా అడగలేదన్నట్టే.

ఈ పద్ధతి తథాగతుని బోధకు బయటిది కాదు. కేసపుత్త గ్రామంలో కాలాములు బుద్ధుని ముందు తమ అయోమయం చెప్పుకున్నారు. వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటూ ఇతరుల మాటను తీసిపారేస్తున్నాడని మొరపెట్టుకున్నారు. అనుమానించవలసిన చోటే అనుమానించారని బుద్ధుడు వారిని మెచ్చుకున్నాడు. విన్నామని, తరతరాలుగా వస్తోందని, గ్రంథంలో ఉందని, చెప్పింది మన గురువని నమ్మవద్దన్నాడు. దీన్ని కొందరు 'నచ్చింది నమ్ముకో' అని అర్థం చేసుకుంటారు. బోధ అంత తేలిక కాదు. లోభం, ద్వేషం, మోహం మనిషికి మేలు చేస్తాయా, కీడు చేస్తాయా చూసుకోమన్నాడు. వివేకులు దేన్ని మెచ్చుతారో, దేన్ని నిందిస్తారో కూడా చూసుకోమన్నాడు. అంటే మన ఇష్టం కూడా పరీక్షకు నిలబడాలి.

మజ్ఝిమ నికాయంలో ఉపాలి అనే గృహస్థు కథ ఉంది. నిగంఠుల అనుచరుడైన ఉపాలి వాదానికి వచ్చి, బుద్ధుని మాటలకు ఒప్పుకుని, శిష్యుడవుతానన్నాడు. పేరున్నవాడివి, బాగా ఆలోచించుకో అన్నాడు బుద్ధుడు. ఇన్నాళ్లూ నీ ఇంట భిక్ష అందుకున్న నిగంఠులకు ఆ భిక్ష ఆపవద్దని కూడా చెప్పాడు. నమ్మకం మారినందుకు పాత బంధాలను తెంచుకోనక్కర్లేదన్నది ఇందులోని పాఠం.

ఇక మన సంగతి. మన వాళ్లకు నమ్మకం అన్నది ఎప్పుడూ కేవలం మనసుకు సంబంధించిన విషయం కాలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం బౌద్ధం తీసుకున్నవారికి ఎస్సీ హోదా ఉండేది కాదు. 1990లో చట్టం సవరించాకే బౌద్ధులకు ఆ హోదా దక్కింది. పిల్లల చదువు, ఉద్యోగం పోతాయన్న భయంతో గుండెలో బుద్ధుణ్ణి, కాగితం మీద మరో మతాన్ని ఉంచుకున్న పెద్దలను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఆ చట్టం మారి మూడు దశాబ్దాలు దాటింది. అడ్డంకి పోయింది, అలవాటు మిగిలింది. గోడ మీద బుద్ధుడి పటం ఉంటుంది, పెళ్లికి ముహూర్తం పెట్టించడం మానం. జై భీమ్ అంటాం, సంబంధం చూసేటప్పుడు మాలా మాదిగా అని ఆరా తీస్తాం. ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో సమానత్వం గురించిన ప్రతిజ్ఞలున్నాయన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు.

ఇంకో ప్రమాదమూ ఉంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి దారి అని హెచ్చరించారు. ఆయన పుస్తకం తెరవకుండా ఆయన విగ్రహానికే దండ వేసి ఇంటికి వెళ్తే ఆ హెచ్చరికను మనమే తుడిచేసినట్టు.

కాబట్టి ఈ వర్షావాసంలో మనం ఒక చిన్న పని పెట్టుకుందాం. విహారంలో కూడినప్పుడు ఒక్కొక్కరం మనం పాటించే ఒక్క నమ్మకాన్నో, ఒక్క ఆచారాన్నో తీసుకుందాం. అది ఎవరి దగ్గర నుంచి వచ్చింది? దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు? అది తప్పని తేలితే మానుకోగలమా? మానుకోలేకపోతే అడ్డుపడుతున్నది భయమా, బంధువులా, బద్ధకమా? జవాబు వెంటనే దొరకనక్కర్లేదు. బాబాసాహెబ్ అంతటివాడికే ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

రేపో మాపో మన ఇంట్లో కూడా ఒక పిల్లవాడో పిల్లో లేచి, 'నాన్నా, నువ్వు నమ్మేది ఒకటి, చేసేది ఒకటి ఎందుకు?' అని అడుగుతుంది. ఆ రోజు కసురుకోకుండా పక్కన కూర్చోబెట్టుకుందాం. రాంజీ లాగా తెలిసింది చెబుదాం. తెలియనిది ఆ పిల్లలతో కలిసి చదువుకుందాం.