కాకినాడ టూర్ ప్లాన్ చేస్తున్నారా? ముందు సముద్రం పోటు వేళలు చూసుకోండి

కోరంగి మడ అడవులకు వెళ్లొచ్చినవాళ్లలో కొందరు సూపర్ అంటారు. ఇంకొందరు బురద తప్ప ఏమీ కనిపించలేదంటారు. చాలాసార్లు తేడా వాళ్లు వెళ్లిన టైమ్‌లోనే ఉంటుంది.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో దాదాపు 18 కి.మీ. దూరంలో ఉంది కోరంగి అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 235 చ.కి.మీ. ఇక్కడి కాలువల్లో నీళ్లు పోటుకు నిండుతాయి, పాటుకు తగ్గుతాయి. రోజుకు రెండేసి సార్లు ఇలా జరుగుతుంది. ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అంటే వారం తిరిగేసరికి పోటు ఉండే వేళకు పాటు వస్తుంది. పోయిన ఆదివారం మీ ఫ్రెండ్ 9 గంటలకు బోటెక్కాడని మీరూ అదే టైమ్‌కి వెళ్తే లాభం లేదు.

బోటుకు పోటు మంచిది. చెక్క వంతెన మీద నడకకు మాత్రం పాటే బాగుంటుంది. నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు, పీతలు, బురదలో తిండి వెతుక్కునే పక్షులు అప్పుడే కనిపిస్తాయి. వలస పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. బావురు పిల్లి మీద ఆశ పెట్టుకోకండి, అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది.

తీర ప్రాంతాల పోటు అంచనాలను, అలల హెచ్చరికలను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆన్‌లైన్‌లో ఇస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ శాఖ తుపాను బులెటిన్ చూడకుండా హోటల్ బుక్ చేయొద్దు.

హోప్ ఐలాండ్ వైపు వెళ్లే బోటుకు అనుమతి ఉందా అని ఎక్కే ముందే అడగండి. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్ లేకపోతే దిగిపోండి. టికెట్ డబ్బులు పోయినా సరే. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం ఎవరూ మర్చిపోయేది కాదు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డున గుడ్లు పెడతాయి. ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి.

గుళ్ల సంగతికొస్తే, ద్రాక్షారామం, సామర్లకోట రెండూ పంచారామాలే, తూర్పు చాళుక్యుల నాటివే. కోరంగి నుంచి యానాం మీదుగా ద్రాక్షారామం వెళ్లొచ్చు. మధ్యాహ్నం తలుపులు మూసే వేళ తెలుసుకుని బయల్దేరండి. ఉప్పాడలో జాందానీ చీర మగ్గం మీద ఎలా తయారవుతుందో చూడాలంటే పూట కేటాయించాల్సిందే. అక్కడి బీచ్ రోడ్డు తరచూ కోతకు గురవుతుంది, ఓపెన్‌లో ఉందో లేదో కనుక్కోండి.

మెయిన్ లైన్ రైళ్లలో చాలావరకు కాకినాడ రావు, సామర్లకోటలోనే ఆగుతాయి. తిరుగు ప్రయాణం అక్కడి నుంచే అయితే సామర్లకోట గుడిని చివరికి పెట్టుకోండి. ఒక ట్రిప్పు ఆటో ఖర్చు మిగులుతుంది.