దవాత్‌లో అడుగంటని మసి

దీపం మసి చిటికెడు తీసి నీళ్లలో వేసి చూడండి. మసికీ నీళ్లకీ దోస్తీ కుదరదు. కొంత పైన తేలుతుంది. గట్టిగా కలిపినా కాసేపటికి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని గడ్డలు కట్టి అడుక్కి దిగుతాయి, పైన నీళ్లు తేరుకుంటాయి. అదే నీళ్లలో ముందు బంక కరిగించి, మసి వేసి బాగా నూరితే సియాహీ తయార్. రోజుల తరబడి దవాత్‌లో నల్లగానే ఉంటుంది.

ఈ నుస్ఖా చాలా పురానాది. ఈజిప్టులో పపైరస్ మీద రాసింది ఈ మసి-బంక సియాహీతోనే. అరబ్బులు దీన్ని మిదాద్ అన్నారు. మాచికాయ, అన్నభేది కలిపి చేసే రెండో రకానికి హిబ్ర్ అని పేరు. 8వ సదీ చివర్లో బగ్దాద్‌లో కాగజ్ తయారీ మొదలయ్యాక కితాబులు నకలు రాసి అమ్మే వర్రాకుల బాజారే లేచింది. 11వ సదీ జీరీ అమీర్ ఇబ్న్ బాదీస్ పేరు మీద ఉన్న 'ఉమ్దతుల్ కుత్తాబ్' నిండా కలం, సియాహీ, జిల్దు కట్టడం గురించిన నుస్ఖాలే. ఇస్తాంబుల్‌లో 1557లో పూర్తయిన సులేమానియా మసీదులో దీపాల పొగంతా ఒక చోటికి చేరేలా సినాన్ కట్టాడనీ, ఆ మసితో కాతిబులు సియాహీ చేసుకునేవాళ్లనీ చెప్తారు.

మన తాటాకు దారి వేరు. గంటంతో గీసి, ఆ గీతలో మసి రుద్దితే చాలు, గీతే మసిని పట్టుకుంటుంది. కాగజ్ మీద అలా కుదరదు. కలం కొస నుంచి మసి నీళ్లతో పాటే జారాలి. అందుకే బంక కావాలి.

బంక అక్కడ చేసే పనేంటి? జిగురులా కాగజ్‌కి అంటిస్తుందనేది సగం హకీకత్. మిగతా సగం తెలియడానికి ఫారడే దాకా ఆగాలి. 1857లో లండన్‌లో ఆయన సన్నటి బంగారు రేణువులు తేలే ఎర్రటి నీళ్లు చేశాడు. ఉప్పు వేస్తే ఆ ఎరుపు నీలంగా మారింది. రేణువులు దగ్గరకి చేరుతున్నాయన్నమాట. ముందే కాస్త జెలటిన్ కలిపితే రంగు మారలేదు. 1901లో జిగ్మాండీ దీన్నే కొలతగా మార్చాడు. పది మిల్లీలీటర్ల ఎర్ర నీళ్లని ఉప్పు నుంచి కాపాడ్డానికి ఎన్ని మిల్లీగ్రాములు పడుతుంది? జెలటిన్‌కి సుమారు 0.01 సరిపోయింది. అరబిక్ బంకకి 0.15 నుంచి 0.25. ఆలుగడ్డ పిండికి 25 దాకా. 1925 నోబెల్ ఆయనకే.

సబబ్ ఇంకా తర్వాత తేలింది. బంక అణువు పొడవాటి, కొమ్మలున్న అణువు. అందులో కొంచెం ప్రొటీన్ భాగం మసిని పట్టుకుంటుంది. చక్కెర కొమ్మలు నీళ్లలోకి చాచుకుని ఉంటాయి. ఇలా బంక తొడుక్కున్న రెండు రేణువులు దగ్గరకొస్తే కొమ్మలు ఇరుకున పడతాయి, నీళ్లు మధ్యలోకి చొరబడి రెంటినీ విడదీస్తాయి. దీనికి 'స్టెరిక్' రక్షణ అనే పేరు 1954లో వచ్చింది. ఇలాంటివాటినే ఇవాళ పాలిమరిక్ సర్ఫెక్టెంట్లు అంటున్నారు. కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొడితే నురగ చాలాసేపు నిలవడంలోనూ ప్రొటీన్లు ఇలాగే బుడగల గోడ పట్టుకుంటాయి.

ఇప్పుడు ఉస్తాదుల మెహనత్ చూడండి. గంటల కొద్దీ నూరడం ఊరికే కాదు. గడ్డ విడితే తప్ప బంక ఒక్కో రేణువుకీ చేరదు. బంక మరీ తక్కువైతే ఒకే అణువు రెండు రేణువుల్ని పట్టుకుని కలిపేస్తుంది, పని ఉల్టా అవుతుంది. మరీ ఎక్కువైతే ఎండాక సియాహీ పగిలి పెచ్చులూడుతుంది. ఆ అందాజా తజుర్బాతో వచ్చిందే.

'ఈ సైన్సంతా మనవాళ్లకి ముందే తెలుసు' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి ఒక మాట. తెలిసింది నుస్ఖా, సబబ్ కాదు. ఇబ్న్ బాదీస్ పేరున అణువుల ఇల్మ్ అంటగట్టడం ఆయనకి ఇజ్జత్ కాదు. కానీ కొలాయిడ్ల తారీఖ్‌ని ఫారడే సీసాతో మొదలుపెట్టే కితాబులూ నాకు నచ్చవు. అన్ని సదీలు దవాత్ పట్టుకున్న చేతులు అందులో కనిపించవు.

ఇంకో సంగతి. పేరు అరబిక్ గానీ ఆ చెట్టు ఆఫ్రికాది. అరబ్ సౌదాగర్ల చేతుల మీదుగా బాజార్‌కి వచ్చింది కాబట్టి ఆ పేరు. మేలైన బంక సూడాన్‌లోని కొర్దోఫాన్‌ది. చెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టినదాన్ని చేత్తో ఏరతారు. కూల్‌డ్రింకుల్లో వాసన నూనె నీళ్ల నుంచి విడిపోకుండా పట్టి ఉంచేది చాలాసార్లు ఇదే. 1997లో అమెరికా సూడాన్ మీద వ్యాపార ఆంక్షలు పెట్టినా బంకకి మాత్రం దారి ఉంచింది. 2023 ఏప్రిల్‌లో మొదలైన జంగ్ కొర్దోఫాన్‌కీ పాకింది.