వైద్య స్కానింగులలో రేడియేషన్ – జన్యు వ్యక్తీకరణ

సీటీ స్కాన్ వంటి పరీక్షల్లో శరీరానికి తగిలే స్వల్ప మోతాదు ఎక్స్-కిరణాలకు రక్తకణాల్లోని కొన్ని జన్యువులు స్పందిస్తాయి. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా, ఆపై ప్రోటీన్‌గా రూపొందడమే జన్యు వ్యక్తీకరణ. ఇక్కడ ప్రధానంగా కనిపించేది ఆ ఉత్పత్తిలో కొద్దికాలపు హెచ్చుతగ్గులే. డీఎన్‌ఏ అక్షరక్రమమే మారిపోయే ఉత్పరివర్తన వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

100 మిల్లీగ్రేల (కణజాలం గ్రహించిన శక్తికి కొలమానం) లోపు మోతాదును స్వల్పంగా లెక్కిస్తారు. ఛాతీ ఎక్స్-రేలో సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (శరీరంపై ప్రభావానికి కొలమానం), పొట్ట సీటీలో సుమారు 8 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. ప్రకృతి నుంచి ఏడాదికి అందే మోతాదు ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లు.

కిరణాలు డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంచినప్పుడు ఏటీఎమ్ అనే ఎంజైమ్ చురుకై పీ53 ప్రోటీన్‌ను ఉత్తేజపరుస్తుంది. పీ53 మరికొన్ని జన్యువులను మేల్కొల్పుతుంది. వాటిలో సీడీకేఎన్1ఏ కణ విభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. డీడీబీ2 మరమ్మతులో పాల్గొంటుంది. బాగుపడని కణాన్ని బ్యాక్స్ మరణం వైపు నడిపిస్తుంది. ఎఫ్‌డీఎక్స్‌ఆర్ అనే జన్యువు ముఖ్యంగా గమనించదగ్గది: సీటీ చేయించుకున్నవారి రక్తంలోనూ దాని స్థాయి పెరగడం కనబడింది. అందుకే తగిలిన మోతాదును రక్తపరీక్షతో అంచనా కట్టడానికి అది పనికొస్తుందని భావిస్తున్నారు.

సీటీ వల్ల ఏర్పడిన తెగుదలల్లో అత్యధికం 24 గంటల్లోపే అతుక్కుంటాయి. అయోడిన్ కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు మాత్రం అవి ఎక్కువగా కనిపిస్తాయి. జన్యువుల స్పందన జబ్బుకు సూచిక కాదు, కణం తనను తాను కాపాడుకుంటోందనడానికి గుర్తు. అయినా పిల్లల విషయంలో అజాగ్రత్త తగదు. తొమ్మిది ఐరోపా దేశాల్లో చిన్నవయసులో సీటీ చేయించుకున్న సుమారు 9.5 లక్షల మందిపై జరిగిన ఎపి-సీటీ అధ్యయనం (2023), మోతాదుతోపాటు రక్త క్యాన్సర్ల ముప్పు కొద్దిగా పెరుగుతుందని తేల్చింది. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలలో మాత్రం ఎక్స్-కిరణాలే ఉండవు.