మూడు చుక్కలు రావడానికి ఇరవై ఏళ్లు

ఈసారి పండగలూ వంటలూ కాదు. నేను ఆఫీసులో రోజూ వాడే జావాస్క్రిప్ట్ చరిత్రలో ఒక చిన్న ముక్క గురించి రాస్తున్నాను. చేసే పని గురించి కూడా తెలుగులో చెప్పగలిగితేనే భాష వచ్చినట్టని నా లెక్క.

ముందు మాటలు. ఫంక్షన్‌ని మన లెక్కల పుస్తకాల్లో ప్రమేయం అంటారు. మాట బాగుంది, కానీ ఈ పని చేసేవాళ్లు హైదరాబాద్‌లో కూడా ఫంక్షన్ అనే అంటారు కాబట్టి నేనూ అదే వాడతాను. (మా అమ్మకి ఫంక్షన్ అంటే గృహప్రవేశమో, ఓణీల ఫంక్షనో. అది కాదు.) ఫంక్షన్‌కి మనం పంపించే విలువలు ఆర్గ్యుమెంట్స్. డిక్షనరీలో "వాదన" అని ఉంటుంది. అది కోర్టుకి సరిపోతుంది, ఇక్కడ సరిపోదు.

1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాష మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశారు. అదే ఏడాది వచ్చిన జావాలో, ఫంక్షన్ రెండు విలువలు అడిగితే రెండే ఇవ్వాలి. లేకపోతే ప్రోగ్రామ్ తయారే కాదు. జావాస్క్రిప్ట్ అలా పట్టుబట్టదు. ఒకటే ఇస్తే, రాని దాని చోట "అన్‌డిఫైన్డ్" పెట్టుకుని ముందుకి పోతుంది. ఐదు ఇస్తే రెండు తీసుకుంటుంది, మిగతా మూడింటి గురించి ఏమీ అనదు.

తెలుగు నేర్చుకునేవాళ్లకి ఇది కొత్త కాదు. అమ్మ ఫోన్లో "తిన్నావా?" అంటుంది. ఎవరు అన్నది చివరి "వా"లోనే ఉంది. ఏం తిన్నానన్నది టైమ్‌ని బట్టి తెలిసిపోతుంది. జావాస్క్రిప్ట్‌కి మాత్రం అలా తెలిసే దారి లేదు. అందుకే ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

మరి ఎక్కువగా వచ్చిన విలువలు కావాలంటే? ప్రతి ఫంక్షన్ లోపల "ఆర్గ్యుమెంట్స్" అనే ఒక వస్తువు ఉండేది. వచ్చినవన్నీ అందులో వరసగా ఉంటాయి, ఎన్ని వచ్చాయో కూడా చెబుతుంది. చూడటానికి అర్రే లాగే ఉంటుంది కానీ అర్రే కాదు. ముక్క కోసే "స్లైస్", కలిపే "జాయిన్" దానికి లేవు. అందుకని అసలు అర్రే దగ్గర్నుంచి స్లైస్‌ని అరువు తెచ్చి దీని మీద వాడేవాళ్లు. పాత కోడ్ తెరిస్తే ఆ ఒక్క లైను మంత్రంలా ప్రతి ఫైల్లో కనబడుతుంది. ఇంకో వింత కూడా ఉంది. ఆర్గ్యుమెంట్స్‌లో మొదటి విలువ మారిస్తే, ఫంక్షన్ మొదట్లో పేరు పెట్టి తీసుకున్న విలువ కూడా దానంతటదే మారిపోయేది.

ఇవ్వని విలువలకి కూడా ఒక చిట్కా ఉండేది: "ఇచ్చింది వాడు, లేదా ఇది వాడు" అని రెండు నిలువు గీతలు పెట్టి రాయడం. షిప్పింగ్ ఖర్చు ఇవ్వకపోతే 5 డాలర్లు అనుకోండి. బానే ఉంది. కానీ షిప్పింగ్ ఉచితమని ఎవరైనా 0 ఇస్తే? జావాస్క్రిప్ట్ లెక్కలో సున్నా కూడా "లేదు" కిందకే వస్తుంది. ఉచితం అన్నవాళ్ల దగ్గర 5 డాలర్లు తీసుకుంటుంది. ఎర్రర్ ఏదీ రాదు.

దీనికి మందు ఏమిటో అందరికీ తెలుసు. 2006లో ఫ్లాష్‌తో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3లో మూడు చుక్కలు పెడితే మిగిలిన విలువలన్నీ నిజమైన అర్రేగా వచ్చేవి. జావాస్క్రిప్ట్ నాలుగో ఎడిషన్‌లో కూడా అది రావాల్సింది. కానీ కమిటీలో గొడవలు తెగక 2008లో ఆ ఎడిషన్‌నే వదిలేశారు. 2009 డిసెంబర్లో ఐదో ఎడిషన్ వచ్చి, ఆ వింత ముడిని తెంపింది. అదీ "స్ట్రిక్ట్ మోడ్" అని కోరుకున్న కోడ్‌లో మాత్రమే.

అందరికీ ఎందుకు తెంపలేదు? ఎవరో 1999లో రాసి మర్చిపోయిన పేజీ ఆ ముడి మీద ఆధారపడి ఉండొచ్చు. వాళ్లని వెతికి బాగుచేయమని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. పాత పేజీ తెరుచుకోవాలి, అంతే. దీన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే ఇది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

2015 జూన్‌లో ఆరో ఎడిషన్‌తో మూడు చుక్కలు వచ్చాయి. ఇవ్వకపోతే ఏ విలువ వాడాలో ఫంక్షన్ మొదట్లోనే రాసే వీలు కూడా వచ్చింది. ఇందులో 0 ఇస్తే 0గానే ఉంటుంది. కొత్తగా వచ్చిన బాణం ఫంక్షన్లకి సొంత ఆర్గ్యుమెంట్స్ వస్తువే ఇవ్వలేదు.

అయినా పాత అలవాటు పోలేదు. "10" అనే అక్షరాలు మూడుసార్లు ఉన్న అర్రే తీసుకుని, మ్యాప్‌కి పార్స్‌ఇంట్ అనే ఫంక్షన్ ఇవ్వండి. మూడు పదులు రావాలి కదా? వచ్చేవి 10, "సంఖ్య కాదు", 2. మ్యాప్ ప్రతిసారీ మూడు విలువలు పంపిస్తుంది: అక్షరాలు, వరస నంబరు, మొత్తం అర్రే. పార్స్‌ఇంట్ రెండు తీసుకుంటుంది, రెండోది ఎన్నో బేస్‌లో చదవాలో చెప్పేది. 0 అంటే మామూలుగా చదువుతుంది. 1 అనే బేస్ కుదరదు. బేస్ 2లో "10" అంటే రెండు.

దీన్ని బాగుచేయలేరు. ఎక్కువైన విలువలు ఇస్తే ఎర్రర్ అని రూలు పెడితే, ఒక్క విలువ తీసుకునే ఫంక్షన్లేవీ మ్యాప్‌లో పనిచేయవు. 2012లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే వరస నంబరూ సంఖ్యే, బేసూ సంఖ్యే. నేను మ్యాప్ లోపల చిన్న బాణం ఫంక్షన్ రాసి, పార్స్‌ఇంట్‌కి అక్షరాలూ 10 అనే బేసూ నేనే చేత్తో ఇస్తాను.