కొలువు చేయుచు చదివిన బాలురు

ఉద్యోగము పురుషలక్షణమని యొక సామెత. విద్య లేనివాడు వింతపశువని వేరొక సామెత. ఈ రెండును పెద్దల నోట తరచుగా వినవచ్చునవే. కాని పండ్రెండు, పదునాలుగేండ్ల బాలునకు ఈ రెండు విధులును ఒక్కమారే మీదబడినచో వాడేమి చేయవలెనన్న ప్రశ్నకు మన సామెతలలో సమాధానము కానరాదు. చరిత్రలో కొంత కానవచ్చును. రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, రాజుల దండయాత్రలకంటె ఈ విషయమే మన సి.బెళగల్ గ్రామమునకు దగ్గరదని తోచి దీనిని చేపట్టితిని.

మన పొరుగుననున్న ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములు 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు బళ్లారి జిల్లాలో చేరియుండెను. 1800లో నిజాము కుంఫిణీవారికి దత్తము చేసిన సీమలో నదియొక భాగము. ఆ దత్తమండలమునకు 1807 వరకు ప్రధాన కలెక్టరుగానుండిన థామస్ మన్రో, అనంతరము మద్రాసు గవర్నరై, 1822లో ప్రతి జిల్లాయందును ఎన్ని బడులున్నవో, అందెందరు చదువుచున్నారో లెక్క దీసి పంపవలసినదని ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో సమర్పించిన నివేదిక వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ క్యాంబెల్ సామాన్యుడు కాడు. తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చినవాడు.

ఆ నివేదిక ననుసరించి జిల్లాలో బడులు 533, విద్యార్థులు 6,641. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీ 23, పారశీకము 21, తమిళము 4, బ్రాహ్మణులు మాత్రమే సంస్కృతశాస్త్రములు చదువు స్థలములు 23, ఆంగ్లపాఠశాల యొక్కటి. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడ నగుటచే కూడి చూచితిని; సరిపోయినది. బడికి సగటున పండ్రెండు, పదుమూడుగురు. మొత్తముమీద బాలికలు అరువదిమందియే! ఉదయము ఆరు గంటలకే బడి మొదలగును. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాయును. రెండవవానికి సున్న. మూడవవాడు మొదలుకొని బెత్తపు దెబ్బలు. ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, కావ్యములను అర్థము తెలియకయే వల్లెవేయుట, ఇవన్నియు క్యాంబెల్ చూచి వ్రాసినవే. మొదటిదానిని, రెండవదానిని మెచ్చెను, మూడవదానిని మెచ్చలేదు. అందులో నేనాయనతో ఏకీభవింతును.

అయితే ఆ నివేదికలో మన విషయమునకు ముఖ్యమైనది వేరొకటి గలదు. బడులు క్షీణించుచున్నవనియు, దానికి కారణము ప్రజల దారిద్ర్యమే యనియు ఆయన దాచక వ్రాసెను. ఇంగ్లండునుండి వచ్చిన వస్త్రములచే నేతగాండ్రు చెడిరి. మధ్యతరగతివారును, పేదలును పిల్లల చదువునకు వ్యయము భరింపజాలకుండిరి. అంతేకాదు, బిడ్డల లేతచేతులు ఏ కొంచెము పనికి పనికివచ్చినను ఆ పనియే ఇంటికి అవసరమయ్యెను. కుంఫిణీ ఉద్యోగి తన ప్రభుత్వమునకే ఈ మాట వ్రాయుట గమనింపదగినది. మగ్గము గుంటలో తండ్రి కూర్చుండగా ప్రక్కన కండెలు చుట్టు పిల్లవానిని ఎరిగినవారికి ఈ వాక్యము వ్యాఖ్యానము లేకయే బోధపడును. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘమును నెలకొల్పుటకు నూటపదునైదేండ్ల ముందటి మాట యిది.

ఆ లెక్కలు తీయించిన మన్రో బాల్యమును ఇట్టిదే. గ్లాస్గో నగరమున 1761లో జన్మించి, పదుమూడవయేటనే విశ్వవిద్యాలయమున ప్రవేశించి, పదునారవయేట ఒక వర్తకుని లెక్కల కొట్టులో గుమాస్తాగా చేరెను. అమెరికా యుద్ధముచే తండ్రి వ్యాపారము మునిగినది. ఆ రోజులలోనే నిఘంటువును ముందుంచుకొని స్పానిషు భాషను తనంతట నేర్చి, సెర్వాంటిసు రచించిన డాన్ క్విక్సోటును మూలమున చదివెనట. ఆయన 1827 జులై 6న మన జిల్లాలోని పత్తికొండలో విషూచి వ్యాధిచే మరణించెను. ఆయన పాలన మంచిచెడ్డలను విచారించుట కిది చోటు కాదు.

తెలుగువారిలో ఈ విషయమునకు ఉత్తమోదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యగారు. కాశీయాత్రచరిత్రకారుడుగా వీరిని పాఠకులెరుగుదురు. 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించి, తొమ్మిదవయేట తండ్రిని గోల్పోయిరి. ఆ వయసుననే ఆంగ్లమును ధారాళముగా చదువ నేర్చిరి. పండ్రెండవయేట బోర్డు ఆఫ్ ట్రేడు కచ్చేరిలో జీతము లేని ఉమేదువారుగా చేరిరి. ఉమేదువారన్న మాట నేటి యువకులకు తెలియదు. ఆశపడువాడని దాని అర్థము. కచ్చేరిలో ఒకమూల కూర్చుండి, పెద్దగుమాస్తా చెప్పిన కాగితములకు నకళ్లు వ్రాసి, ఎన్నడో ఒకనాడు ఖాళీ కలుగునని ఎదురుచూచువాడు. కూలి లేదు, పని నేర్చుటయే కూలి. పదుమూడవయేట వీరాస్వామయ్యగారు తిరునెల్వేలి కలెక్టరు కచ్చేరికి ద్విభాషిగా పంపబడిరి. నేడు ఎనిమిదవ తరగతిలో నుండవలసిన బాలుడు అచ్చట దొరకును రైతులకును నడుమ నిలిచి మాట మార్చుచుండెను! ఒక్కపదము తప్పినచో ఎవని భూమి ఎవనికి పోవునో ఊహింపుడు.

ఆయన చదువు అంతటితో నిలువలేదు. తమిళ, సంస్కృతములను సాధించి, కాలక్రమమున మద్రాసు సుప్రీముకోర్టున ప్రధాన ద్విభాషి యయ్యెను. 1830 మే 18న బయలుదేరి, నాటి కర్నూలు సీమలోని అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దారిలో ప్రతి మజిలీని, ధరలను, జనుల ఆచారములను, నీటివసతిని గుర్తించి వ్రాసిన ఆ గ్రంథమును, ఆయన 1836లో కీర్తిశేషుడైన పిమ్మట, మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల 1838లో ముద్రింపించెను. దానిని చదువునప్పుడెల్ల, కచ్చేరిలో కాగితములు చక్కగా వ్రాయ నలవడిన ఆ పండ్రెండేండ్ల చేయియే నాకు కనబడును. పనియే ఆయనకు బడియైనది. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆనాడు ఆ కచ్చేరిగడప ఎక్కుటకు కొన్ని కులముల బాలురకే వీలుండెను. తక్కినవారికి పని యున్నది గాని, చదువు చెప్పు పని లేకుండెను.

గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి కొంత వేరు. 1875లో తండ్రి గతించెను. 1879లో మెట్రిక్యులేషను ముగిసినవెంటనే, 1880లో పదునేడేండ్ల ప్రాయమున పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, కొలువు చేయుచునే 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. గెలిచిరి. (గ్రాంథికమున వ్రాయుచు ఆయనను పొగడుట ఆయనకు నవ్వు పుట్టించును; కాని నా చేతికి అలవడినది ఇదే.) మన కర్నూలు చెంతనే పెదపాడులో 1921లో దళిత కుటుంబమున జన్మించిన దామోదరం సంజీవయ్యగారు, పసితనముననే తండ్రిని గోల్పోయి, చిన్న కొలువులు చేసి, మద్రాసులో పిల్లలకు గణితము చెప్పుచు న్యాయశాస్త్రము చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైరి. వీరాస్వామయ్య కాలమున మూయబడియుండిన గడపను దాటినవారు వీరు.

పగలు పనిచేయువారికి రాత్రి చదువుండవలెనని మన సీమలో పట్టుబట్టినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1883లో కర్నూలున జన్మించి, 1908లో పత్రికారచనకై చెరసాల కేగి, పిమ్మట ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును జీవితము ధారవోసి 1960లో స్వర్గస్థులైరి. గ్రంథాలయము పుస్తకముల కొట్టుగా నుండరాదనియు, అక్షరము లేనివానికిని అక్కడ చోటుండవలెననియు వీరి పక్షము.

నేనును పదునాలుగవయేట ఒక పత్తివ్యాపారి అంగడిలో చిట్టా, ఆవర్జాలు వ్రాయ మొదలిడితిని. తూకము లేని వేళలలో గోనెసంచులపై కూర్చుండి అమరమును, ఆంధ్రమహాభారతమును చదివితిని. దీనిని గొప్పగా చెప్పుకొనుటలేదు. నాకు కూర్చుండు పని దొరకినది. ఎండలో వంగి చేయు పని దొరకిన నా ఈడువారు సాయంకాలమున ఏ పుస్తకమును తెరువలేకపోయిరి. కొలువు చేయుచు చదువవచ్చునని బోధించువారు, ఏ కొలువో, ఎన్ని గంటలో మొదట అడుగవలెను. మన పశ్చిమ మండలములలో సంకరజాతి పత్తివిత్తనపు చేలయందు పుప్పొడి యంటించుటకు బాలికలను పెట్టుట వలన ఎన్ని చదువులు మధ్యలో నిలిచినవో ఊరివారికి తెలియును. 1986నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టుటను నిషేధించిరి. బడి ముగిసినపిదప కుటుంబమునకు సాయపడుట మొదలగువానికి మాత్రము మినహాయింపు గలదు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. అయినను వానలు తప్పిన యేట కుటుంబములు మూటాముల్లె కట్టి గుంటూరు వైపు పత్తికి, మిరపకు పోవునప్పుడు చట్టపు పుస్తకము వెంట పోదు.

మన గ్రంథాలయపు లెక్కలును నేనే చూచుచుండుటచే, దీపావళినుండి ఉగాదివరకు పుస్తకముల ఖాతాలో పద్దులు పలుచబడుట ఏటేట గమనించుచున్నాను. కొంతకాలము క్రిందట ఒక బాలుడు వలసకు పోవుచు ఒక కథలపుస్తకమును తీసికొనిపోయెను. గడువు పదునైదు దినములు. ఉగాది దాటినపిదప దానిని తెచ్చి బల్లమీద పెట్టి నిలుచుండెను. పుట తిరుగవేయగానే మిరపఘాటునకు నాకు తుమ్ములు వచ్చినవి. పూర్తిగా చదివితివా యని అడిగితిని. రెండుమారులు చదివితినని చెప్పి, దాని రెండవభాగమున్నదా యని అడిగెను. ఆలస్యరుసుము కాలమున సున్న వేసి, రెండవభాగమును వాని పేర వ్రాసితిని.